ముందు ఏది బిగించాలి?

2023 ఏప్రిల్‌తో మా మారుతి 800కు పదిహేనేళ్లు నిండాయి. మనిషికి అరవై నిండితే బంధువులను పిలిచి షష్టిపూర్తి చేస్తారు. కారుకు పదిహేను నిండితే ఆర్టీఓ ఆఫీసుకు తోలుకుపోయి చూపించాలి. ఇన్‌స్పెక్టరుగారు బ్రేకులూ లైట్లూ టైర్లూ చూసి సరేనంటే ఇంకో ఐదేళ్లు రోడ్డు మీద తిరగవచ్చు. దీనికి ఫీజు ఒకప్పుడు ఆరువందల రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి ఐదువేలు చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో పదివేలు చేశారు కాబట్టి 2028లో మాకు ఆ పండుగ కూడా ఉంది. అది అప్పటి మాట.

నేను హోసూరు సిప్‌కాట్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయినవాణ్ని. ప్రైవేటు ఉద్యోగం గనుక వచ్చే పెన్షను ఎంతో చెప్పుకోవడానికి సిగ్గు. పైవాటా అద్దె వస్తుంది కాబట్టి బతుకుతున్నాం. ఆ ఏడాది చీటీ ఎత్తినప్పుడు ఇంటి ఖర్చులు పోగా పదిహేడువేలు మిగిలింది. కారుకు ఇదే, ఇంతకు మించి పైసా లేదని మా ఆవిడతో ఒప్పందం. అందులో ఆర్టీఓ ఫీజూ, గ్రీన్ ట్యాక్సూ, పొగ సర్టిఫికెట్టూ, చిల్లర ఖర్చులూ కలిపి ఏడువేలు పక్కన పెట్టాను. మరమ్మతులకు మిగిలింది పదివేలు.

బండిని మా భాయి షెడ్డుకు తీసుకెళ్లాను. భాయి ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. షెడ్డులో ఎవరు వస్తే వాళ్ల భాష: తెలుగు, తమిళం, కన్నడం. రాయడం మాత్రం తమిళమే, ఆయన చదివిన బడి అది. ఒక పూటంతా బండిని పైకెత్తి, కిందకు దించి, చక్రాలు ఊపి, చివరకు సిగరెట్ పెట్టె అట్ట మీద జాబితా రాసి ఇచ్చాడు. తమిళ అక్షరాల్లో బ్రేకు 'పిరేక్' అవుతుంది, క్లచ్చి 'కిళట్చ్' అవుతుంది. నేను చదువుకున్నది హోసూరులో తెలుగు బడి అయినా, ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడికి తమిళం చదవడం రాకుండా ఉంటుందా? ఇంటికొచ్చి ఆ జాబితాను నా నోటుపుస్తకంలో తెలుగులో ఎక్కించుకున్నాను. అలవాటు. స్టోర్సువాడికి తన చేతిరాతలో ఉంటేనే సరుకు ఉన్నట్టు లెక్క.

బ్రేకు ప్యాడ్లు, వెనక బ్రేకు షూలు, వీల్ సిలిండర్లు, బ్రేకు ఆయిలు కలిపి 2,600. స్టీరింగు దగ్గర టైరాడ్ ఎండ్లూ, బాల్ జాయింటూ, అలైన్‌మెంటుతో సహా 1,800. టైమింగ్ బెల్టు 1,600. రేడియేటరు గొట్టాలూ, కూలెంటూ 900. నాలుగు టైర్లు 9,600. క్లచ్చి 4,500. సైలెన్సరు 2,000. ఏసీ 9,000. తుప్పు కోసి టింకరింగ్ చేసి రంగు వెయ్యడానికి 14,000. అన్నిటికన్నా కింద, అట్ట అంచులో, ఎడమ పక్క కిటికీ అద్దం మెషీను 500. కూడి చూస్తే 46,500.

“అన్నా, బండి మంచిదే. ఒళ్లంతా నొప్పులుండాయి, అంతే,” అన్నాడు భాయి.

అంతకు నెల ముందు బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన ఈ బండికి 35,000 ఇస్తానన్నాడు. అంటే బండి ధర కన్నా వైద్యం ఖర్చు ఎక్కువ. లెక్క తెలిసినవాడు ఆ రోజే అమ్మి ఉండేవాడు. కానీ 35,000 పెట్టి ఇంకో బండి కొంటే దాని ఒంట్లో ఏ రోగాలున్నాయో నాకేం తెలుసు? దీని రోగాలన్నీ నాకు తెలుసు. 2012లో సెకండ్‌హ్యాండులో కొన్న నాటి నుంచీ దీనికి పోసిన ప్రతి లీటరు ఆయిలూ తేదీతో, కిలోమీటర్లతో సహా నోటుపుస్తకంలో ఉంది. అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఆటో కోసం రోడ్డు మీద నిలబడనక్కర లేదన్న ధైర్యం ఒకటి. కాబట్టి అమ్మకం మాట పక్కన పెట్టి, పదివేలలో ఏది ముందన్న ప్రశ్నకు కూర్చున్నాను.

ఇలాంటి ప్రశ్నకు నాకన్నా తగినవాడు హోసూరులో లేడని నా నమ్మకం. మా స్టోర్సులో సరుకును రెండు రకాలుగా లెక్క వేసేవాళ్లం. ఒకటి ఏ, బీ, సీ. అది డబ్బును బట్టి. ఏడాదిలో ఎక్కువ డబ్బు తినేది ఏ, తక్కువ తినేది సీ. రెండోది వీ, ఈ, డీ. అది అవసరాన్ని బట్టి. వైటల్ అంటే అది లేకపోతే మిషను ఆగిపోయేది. ఎసెన్షియల్ అంటే కొన్నాళ్లు నెట్టుకు రాగలిగేది. డిజైరబుల్ అంటే ఉంటే బాగుండు అనిపించేది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎప్పుడూ ఈ రెంటినీ కలిపేసుకునేవారు. ఖరీదైనదే ముఖ్యమనుకునేవారు. వాళ్లకు నేనొక కథ చెప్పేవాణ్ని. ఒకసారి హైడ్రాలిక్ ప్రెస్సులో ఒక రబ్బరు రింగు పోయింది. పది రూపాయలు కూడా చెయ్యదు. స్టాకులో లేదు. లక్షల మిషను ఒక షిఫ్టంతా ఊరికే నిలబడింది, దాని చుట్టూ పదకొండు మందీ నిలబడ్డారు. ఆ రింగు ఖరీదులో సీ, అవసరంలో వీ. ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. కాబట్టి నోటుపుస్తకంలో జాబితా పక్కన గీత గీసి, ఒక్కొక్క వస్తువుకూ వీ, ఈ, డీ అని రాయడం మొదలుపెట్టాను.

బ్రేకుకు వీ రాయడానికి క్షణం పట్టలేదు. దానికో కారణం ఉంది.

2019లో మా పెద్దమ్మాయికి కృష్ణగిరి సంబంధం వచ్చింది. వాళ్లు వచ్చి చూసి వెళ్లారు, మేం వాళ్లింటికి వెళ్లాలి. అప్పటికి కారు తెలుపు రంగు వెలిసి పాలిపోయి ఉంది. పెళ్లివారి గుమ్మంలో అలాంటి బండి ఆపితే ఏమనుకుంటారో అని పదకొండువేలు పోసి రంగు వేయించాను. బ్రేకు ఆయిలు కాఫీ డికాషనులా నల్లబడిందనీ, మార్చాలనీ భాయి అప్పుడే అన్నాడు. మూడువందల పని. తర్వాత చూద్దాంలే అన్నాను.

హోసూరు నుంచి శూలగిరి దాటి కృష్ణగిరి వైపు పోయేటప్పుడు రోడ్డు కొండల మధ్య కిందికి దిగుతుంది. ముందూ వెనకా లారీలు. నేను నాలుగో గేరులోనే పోనిస్తూ మాటిమాటికీ బ్రేకు తొక్కుతున్నాను. ఒకసారి తొక్కితే పెడలు మెత్తగా, దూదిలో కాలు పెట్టినట్టు, నేల దాకా దిగిపోయింది. బండి ఆగలేదు. వెనక సీటులో మా ఆవిడా అమ్మాయీ పట్టుచీరల గురించి ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను నోరు మెదపలేదు. మూడో గేరు, రెండో గేరు వేసి, ఇంజిను మొర్రోమంటూ పట్టుకుంటే, హ్యాండ్‌బ్రేకు మెల్లగా లాగుతూ రోడ్డు పక్కకు దించి ఆపాను. “ఎందుకాపారు?” అంది మా ఆవిడ. ఇంజిను వేడెక్కిందని చెప్పాను.

అరగంట తర్వాత పెడలు మళ్లీ గట్టిపడింది. ఎందుకలా అయిందో భాయి తర్వాత చెప్పాడు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకుంటుందట. దిగుడు రోడ్డులో బ్రేకులు కాలితే ఆ తేమ మరిగి ఆవిరవుతుంది. ఆయిలును నొక్కితే నొక్కుడు చక్రానికి చేరుతుంది, ఆవిరిని నొక్కితే ఆవిరే నలుగుతుంది. చల్లబడితే ఆవిరి పోతుంది, పెడలు ఏమీ ఎరగనట్టు తిరిగొస్తుంది. దిగేటప్పుడు గేరు తగ్గించి దిగాలన్నది లారీ డ్రైవర్లందరికీ తెలుసు, కారు తోలే నాబోటివాళ్లకే తెలియదు. ఆ సంబంధం కుదరలేదు. పెళ్లివారు మా కారు వైపు చూడను కూడా లేదు. ఆ అరగంట సంగతి మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ పత్రిక మా ఇంట్లో ఆవిడ కూడా చదువుతుంది కాబట్టి ఇక తెలిసిపోతుంది.

స్టీరింగు జాయింట్లకూ వీ. బాల్ జాయింటు ఊడితే చక్రం తన దారి తాను చూసుకుంటుంది. అప్పుడు చేతిలో స్టీరింగు ఉన్నా లేకపోయినా ఒకటే. గొట్టాలు పగుళ్లిచ్చాయి. నీళ్లు పోయి ఇంజిను కాలితే, నేను మిగిల్చిన డబ్బుకు పదింతలు ఖర్చు. అదీ వీ.

టైర్ల దగ్గర కొంచెం తగువు పడింది. టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చూడటం స్టోర్సులోనే నేర్చుకున్నాను. ముందు టైర్లు రెంటి మీదా 3516 అని ఉంది. అంటే 2016లో ముప్పై అయిదో వారం తయారు. గాడులు దాదాపు చదునైపోయాయి. వెనకవి 2019 నాటివి, ఇంకా గాడి ఉంది. నాలుగు కొనే స్థోమత లేదు, రెండు కొనాలి, 4,800. కొత్తవి ఎక్కడ వెయ్యాలి? ముందు చక్రాలే లాగే బండి కాబట్టి ముందే వెయ్యాలని భాయి. కాదు వెనక వెయ్యాలని టైర్ల అంగడాయన. వానలో ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని పట్టుకోవడం మనబోటివాళ్ల వల్ల కాదని ఆయన వివరం. నాకు ఆ మాట సబబుగా తోచింది. భాయి మాత్రం నేను టైర్ల ఆయన మాట విన్నానని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

ఇంతటితోనే 10,100. బెల్టు ఇంకా మిగిలింది. తెగితే ఇంజిను ఉన్నచోటే ఆగిపోతుంది. భాయి లెక్కలో యాభై, అరవై వేల కిలోమీటర్లకొకసారి మార్చాలి. ఇక్కడ నోటుపుస్తకం ఆదుకుంది. 2019లో, 71,000 దగ్గర బెల్టు మార్చినట్టు నా రాతలోనే ఉంది. ఇప్పుడు 94,000. “నేనే మార్చింటి, నాకే గుర్తు లేదు చూడన్నా,” అని భాయి నవ్వి, కవరు విప్పి, టార్చి వేసి పగుళ్లు లేవని చూసి, దాన్ని అట్ట మీద కొట్టేశాడు. ఒక్క గీతతో 1,600 మిగిలింది. ముప్పై ఒక్క ఏళ్లు రాసిన బిన్ కార్డులు ఇన్నాళ్లకు నాకొక పైసా సంపాదించి పెట్టాయి.

మిగతావి త్వరగానే తేలాయి. క్లచ్చి చెప్పాపెట్టకుండా చచ్చిపోయేది కాదు, ఎత్తులో జారుతూ నెలల ముందే కబురు పెడుతుంది. కేబులు సరిచేస్తే ఆరు నెలలు వస్తుందన్నాడు. అది ఈ. సైలెన్సరు సంగతి చిల్లు ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ముందు భాగంలో ఉంటే పొగ లోపలికొచ్చి మనిషికి ప్రమాదం, అది వీ. మాది తోక దగ్గర, ఉత్త చప్పుడు. రెండువందలకు అతుకు వేయించాను. ఏసీ డీ. రంగు డీ. రంగుకు పెన్ను రెండుసార్లు ఒత్తి రాశాను. కిటికీ అద్దానికి ఆలోచించను కూడా లేదు. డీ.

ఆ అద్దం కథ ఇది. రెండేళ్ల కిందట ఎడమ ముందు తలుపులో అద్దం పైకీ కిందికీ లాగే మెషీను పళ్లు అరిగి, అద్దం లోపలికి జారిపోయింది. పైకి లాగి, అట్టముక్క మడిచి దోపాను. ఇక దిగదు. తోలేది నేను, నా పక్క అద్దం దిగుతుంది, నాకు గాలి వస్తుంది. అందుకని దాని సంగతే మరిచాను.

ఆ రాత్రి జాబితా మా ఆవిడకు చదివి వినిపించాను. పని బాగా చేశానన్న తృప్తి నాది. ఆవిడ అన్నం కలుపుతూ అంతా విని, “మరి అద్దం?” అంది.

“అది డీ. డిజైరబుల్. ఉంటే మంచిదే.”

“ఎవరికి?”

నాకు అర్థం కాలేదు.

“వదిన బస్సులో ఎందుకు పోతా ఉందో మీకు తెలీదా?”

మా అక్క బేరికె దగ్గర మా సొంత ఊళ్లోనే ఉంటుంది. బావ పోయి చాలా ఏళ్లయింది. కంట్లో ప్రెషరుందని నాలుగు నెలలకొకసారి బెంగళూరు ఆసుపత్రికి వెళ్లాలి. మొదట్లో నేనే కారులో తీసుకెళ్లేవాణ్ని. రెండేళ్లుగా, “నీకెందుకురా పెట్రోలు దండగ. నాకు బస్సే మేలు, గాలొస్తాది,” అంటూ పక్కింటి పిల్లను తోడు పెట్టుకుని, బాగలూరు మీదుగా హోసూరుకొక బస్సు, అక్కడ దిగి బెంగళూరుకు ఇంకో బస్సు, పోతూ వస్తూ ఉంది. అక్కకు నా ఖర్చు మీద ఎంత శ్రద్ధ అని నలుగురితో చెప్పుకుని మురిసిపోయాను కూడా.

అక్కకు చిన్నప్పటి నుంచీ మూసిన బండి పడదు. మా నాన్న గుడారం బండి కట్టినా అక్క ముందు, తోలేవాడి పక్కన కూర్చునేది. కారులో అద్దం దిగకపోతే అత్తిబెలె చేరేలోగా కడుపులో తిప్పుతుంది. ఆఖరుసారి నాతో వచ్చినప్పుడు తిరుగు ప్రయాణంలో చందాపుర దగ్గర బండి ఆపించి దిగింది. టీ తాగుదామందని నేననుకున్నాను. దిగి, అటు తిరిగి, వాంతి చేసుకుని, నోరు కడుక్కుని వచ్చి కూర్చుందట. ఇది నాకు చెప్పొద్దని మా ఆవిడ దగ్గర మాట తీసుకుంది. “వాడు బాధపడతాడు. పాత బండికి ఎన్నని చేయిస్తాడు,” అందట.

గాలొస్తాది అని అక్క నాకు తిన్నగానే చెప్పింది. నేను పెట్రోలు మాట మాత్రం విన్నాను.

అన్నం ముందు కూర్చుని ఆ రింగు కథ గుర్తొచ్చింది. కుర్రాళ్లందరికీ చెప్పిన కథ. పదకొండు మంది నిలబడ్డారని లెక్కపెట్టినవాణ్ని, నా పక్క సీటు రెండేళ్లుగా ఖాళీగా ఉండటం ఎందుకు లెక్కపెట్టలేదో నాకు తెలియదు. స్టోర్సులో వీ అని ఎవరు రాసేవారు? మేం రాసేవాళ్లం కాదు. మిషను మీద నిలబడేవాణ్ని అడిగి, ఆ డిపార్టుమెంటువాళ్లు రాసి పంపేవారు. మేం కార్డు మీద ఎక్కించేవాళ్లం, అంతే.

మర్నాడు భాయి దగ్గరకు పోయి అద్దం కూడా చెయ్యమన్నాను. డబ్బు మించిపోయిందని కూడా చెప్పాను. కొత్త మెషీనెందుకు, గుజిరీలో విరగ్గొట్టిన 800లు ఎన్ని లేవు, అని సాయంత్రానికి ఒకటి పట్టుకొచ్చాడు. నూటయాభై రూపాయలు. తిప్పే పిడి మాత్రం వేరే బండిది, బూడిద రంగు తలుపుకు ఎర్ర పిడి. మొత్తం 10,450 అయింది. భాయి పదివేలు తీసుకుని, “మిగిలింది పెన్షనొచ్చినాక ఇయ్యన్నా,” అన్నాడు. ఇచ్చాను.

ఆర్టీఓ ఆఫీసులో ఇన్‌స్పెక్టరుగారు బండి తోలి చూసి, బ్రేకు తొక్కి, లైట్లు వేయించి, రంగు గురించి ఏమీ అనకుండా సంతకం పెట్టారు.

ఆ జూన్‌లో అక్కను పిలుచుకురావడానికి నేనే ఊరికి పోయాను. బస్సుకే పోతానని కొంచెం గొణిగింది. తలుపు తీసి, పిడి తిప్పి, అద్దం కిందికి దించి చూపించాను. అక్క ఏమీ అనలేదు. కొంగు నడుముకు దోపుకుని ముందు సీటులో కూర్చుంది. బాగలూరు దాటేదాకా చెయ్యి కిటికీ మీద పెట్టుకుని, గులాబీ తోటల మీద కప్పిన ప్లాస్టిక్ గుడారాలను చూస్తూ ఉంది. గాలికి నెరిసిన జుట్టంతా ముఖం మీద పడుతోంది, తోసుకోవడం లేదు.

అత్తిబెలె టోలు దగ్గర వరసలో ఆగాం. లారీల పొగ వస్తోంది. అక్క పిడి తిప్పి అద్దం ఎత్తింది, వరస కదిలాక మళ్లీ దించింది. రెండుసార్లు, మూడుసార్లు అలా ఎత్తి దించి చూసి, అడిగింది:

“దీనికెంత అయిందిరా?”

“నూటయాభై.”

“అంతేనా?” అని, ఆ ఎర్ర పిడి వైపు ఒకసారి చూసి, కొంగు మూట విప్పి రెండువందల నోటు తీసి నా జేబులో దోపింది. ఎంత చెప్పినా వెనక్కి తీసుకోలేదు. టోలు కిటికీ దగ్గరపడింది. వెనక లారీ హారను కొడుతోంది. మొదటి గేరు వేసి ముందుకు పోనిచ్చాను.